శివారు కాలనీకి లింకు రోడ్డు: సర్కారు నిధుల ఫైలు కదిలేదెలా?

మా కాలనీ అసోసియేషన్ మొదటి రెండేళ్లు ఒకటే పని చేసింది. శాలువా, వినతిపత్రం పట్టుకుని వెళ్లడం, ఫోటో దిగడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం. "చూద్దాం, చేద్దాం" అన్న మాట ప్రతిసారీ దొరికింది. మూడో ఏడు ఒక రిటైర్డ్ డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారు మా వీధిలో ఇల్లు కొనుక్కుని వచ్చారు. మా వినతిపత్రం చదివి, "ఇందులో రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో లేదేమిటండీ?" అన్నారు. నిజమే, లేదు. "మా కాలనీకి రోడ్డు మంజూరు చేయగలరని ప్రార్థన" అని మాత్రం ఉంది. అలాంటి కాగితం మీద ఏ ఇంజనీరూ ఒక్క అంకె కూడా వేయలేడు.

హైదరాబాద్ శివార్లలో చాలాచోట్ల కథ ఇదే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, దాని లోపలా బయటా వందల లేఅవుట్లు ఉన్నాయి, ఒక్కో లేఅవుట్‌లో నలభై అడుగుల రోడ్లూ ఉన్నాయి. రెండు లేఅవుట్లను కలిపే మూడొందల మీటర్ల ముక్క మాత్రం ఉండదు. ఆ ముక్క లేక జనం నాలుగు కిలోమీటర్లు చుట్టి వస్తారు. సర్కారు భాషలో దీని పేరు మిస్సింగ్ లింక్. ఇలాంటి వాటి కోసమే హైదరాబాద్ రోడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ కూడా ఉంది.

రెండేళ్లు తిరిగాక నాకు తెలిసింది ఇది: ఈ ముక్కలు ఎక్కువగా ఆగేది తారుకు డబ్బుల్లేక కాదు, కింద ఉన్న నేల ఎవరిదో తేలక. అందుకే ఇందులో నిధుల సంగతి నాలుగో అడుగులో గానీ రాదు. అప్పటిదాకా ఓపిక పట్టండి.

మొదటి అడుగు: రోడ్డుకు రెండు కొనలు, ఒక వెడల్పు

ముందుగా హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ చూడండి. 2013లో నోటిఫై అయిన 2031 ప్లాన్‌లో ఊరి పేరు, సర్వే నంబరు పట్టుకుని వెతికితే మీరు అడుగుతున్న రోడ్డు గీత అందులో ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే సగం బరువు దిగినట్టే. ఆ గీత మీద ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇవ్వరు, పక్కన లేఅవుట్ వేసేవాళ్లు ఆ మేర వదిలి తీరాలి. లేకపోతే మాస్టర్ ప్లాన్ మార్చమని పోరాడకండి, అది ఏళ్ల తరబడి పని. లింకు రోడ్ల జాబితాలో చేర్చమని అడగండి.

తర్వాత ఊరి నక్షా తెచ్చుకోండి. దాని మీద మీ రోడ్డు గీసి, ఏయే సర్వే నంబర్ల గుండా పోతుందో వరసగా రాయండి. ఆ గీత వెంట ఒక ఆదివారం పొద్దున కాలినడకన వెళ్లండి. కంప్యూటర్‌లో తిన్నగా కనిపించిన మా గీత మధ్యలో ఒక వ్యవసాయ బోరు, రెండు వేపచెట్లు, ఒక చిన్న పోచమ్మ గుడి ఉన్నాయని ఆ నడకలోనే తెలిసింది. గుడి కోసం గీతను పది మీటర్లు పక్కకు జరిపాం. ఆ పని ఊరివాళ్లు అడగకముందే చేశాం కాబట్టి తర్వాత మాట పడలేదు.

చివరకు మీ చేతిలో ఒక వాక్యం ఉండాలి: ఫలానా లేఅవుట్ గేటు నుంచి ఫలానా జంక్షన్ వరకు, ఇన్ని మీటర్ల పొడవు, అరవై అడుగుల వెడల్పు. ఇకపై ప్రతి కాగితంలోనూ ఇదే వాక్యం, అక్షరం మారకుండా రాయండి. ఒక లేఖలో 950 మీటర్లు, ఇంకో లేఖలో కిలోమీటరు అని ఉంటే కింది గుమాస్తాకు ఫైలు వెనక్కి పంపడానికి అదొక్కటి చాలు.

రెండో అడుగు: నేలకు మూడు రంగులు

మొత్తం పనిలో ఇదే గట్టిది. నక్షా మీద మూడు స్కెచ్ పెన్నులతో రంగులు వేయండి.

పచ్చ రంగు, లేఅవుట్లు ఇప్పటికే రోడ్డుకు వదిలిన భూమి. ప్లాన్‌లో రోడ్డు గీసి ఉన్నంత మాత్రాన అది సర్కారు పేరు మీదకు వచ్చిందని అనుకోవద్దు. స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయిందా లేదా చూడాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే బయటపడుతుంది. మా దగ్గర ఒక లేఅవుట్ యజమాని రోడ్డు వదిలాడు కానీ డీడ్ చేయలేదు. పైగా చివర్న ప్రహరీ కట్టి, ఆ మూల స్థలాన్ని ఇంకొకరికి అమ్మే ప్రయత్నంలో ఉన్నాడు.

పసుపు రంగు, ప్రభుత్వ భూమి. బండ్లబాట, పోరంబోకు, కాలువ గట్టు లాంటివి. బండ్లబాట దొరికిందా, పండగే. పాత నక్షాలో రెండు చుక్కల గీతలుగా ఉండే ఈ బాటలను చాలామంది పట్టించుకోరు. అయితే చెరువు దగ్గర జాగ్రత్త. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ తగిలితే ఇరిగేషన్ శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా అంచనా కూడా కదలదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ విషయంలో అధికారులకు టెన్షన్ ఇంకా పెరిగింది.

ఎరుపు రంగు, ప్రైవేటు పట్టా. పేర్లు, విస్తీర్ణాలు సర్కారు భూరికార్డుల పోర్టల్ భూభారతిలో చూసుకోవచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. అరవై అడుగుల రోడ్డు ఒక కిలోమీటరు వేయాలంటే 21,873 గజాల నేల కావాలి, అంటే నాలుగున్నర ఎకరాలు. గజం 20 వేలు అనుకుంటే నేల ఒక్కటే 43 కోట్ల 75 లక్షలు. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే ఆ విలువకు సమానంగా నూటికి నూరు శాతం సొలేషియం (ఇష్టం లేకున్నా నేల తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) కలుస్తుంది, ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం వేరు. అంటే 87 కోట్లు దాటింది. ఇంత అంకె చూసి ఏ కమిషనర్ అయినా ఫైలు మూసేస్తాడు. అదే 700 మీటర్లు పచ్చ, పసుపు అని కాగితాలతో నిరూపించారనుకోండి, కొనాల్సింది 6,562 గజాలు మాత్రమే. 87 కోట్ల బిల్లు 26 కోట్లకు దిగింది. ఆ 26ను ఇంకా దించే మార్గం ఉంది, ఐదో అడుగులో చెప్తాను.

మూడో అడుగు: అవసరాన్ని అంకెల్లో పెట్టడం

"విపరీతమైన ట్రాఫిక్" అని రాస్తే ఎవరూ నమ్మరు. మీరే లెక్కపెట్టండి. పని రోజుల్లో మూడు రోజులు, పొద్దున 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8. ఇద్దరు పిల్లలు, ఒక నోటుపుస్తకం, నాలుగు నిలువు గళ్లు: బైకు, ఆటో, కారు, బస్సు లేదా లారీ. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. మా ఇంటర్ పిల్లలు చేశారు. మొదటి రోజే ఒక సంగతి తేలింది: ఇబ్బందంతా కార్లది కాదు, ఇరవై అడుగుల మలుపులో రివర్స్ తీసుకునే స్కూలు బస్సులది. ఒక్కో బస్సు తిరిగేలోపు వెనక యాభై బండ్లు ఆగుతున్నాయి. ఆ వీడియో ఒకటి జత చేశాం. మొత్తం ఫైల్లో పై అధికారులు కచ్చితంగా చూసింది అదొక్కటే అని నా అనుమానం.

దీనికి తోడు రెండు అంకెలు చాలు. చుట్టూ తిరిగే దూరం ఎంత, లింకు పడితే ఎంత. ఆ రోడ్డు వాడే ఇళ్లు ఎన్ని, ఇంటిపన్ను రికార్డు ప్రకారం. జనాభాను ఊహించి రాయకండి, పన్ను కడుతున్న ఇళ్ల లెక్క మున్సిపల్ ఆఫీసుకు కొట్టిపారేయడం కష్టం.

నాలుగో అడుగు: ఏ జేబులో డబ్బుంది?

ఇక్కడ చాలామంది తప్పు తలుపు తడతారు. ముందు ఆ తప్పు తలుపులు చెప్పేస్తాను.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, అది నియోజకవర్గం మొత్తానికి. ఆ నిధులతో భూమి కొనకూడదని నిబంధనల్లోనే ఉంది. నేల తేలిపోయిన రోడ్డులో ఒక కల్వర్టుకో, చివరి రెండొందల మీటర్ల సీసీకో అడిగితే పని జరగొచ్చు. ఎమ్మెల్యే నిధులనూ అలాంటి చిన్న పనులకే అడగండి. ప్రధాన మంత్రి గ్రామ సడక్ యోజన అనుసంధానం లేని పల్లెలకు సంబంధించింది, ఇప్పటికే ఒక దారి ఉన్న శివారు కాలనీ దాని కిందకు రాదు. పదిహేనో ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకు ఇచ్చిన నిధులను గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం పనులకు కట్టేశారు, రోడ్డుకు కాదు. "కేంద్రం నుంచి వచ్చాయట కదా" అని సమావేశంలో ఎవరో ఒకరు అంటారు, వాళ్లకు ఈ మాట చెప్పండి.

అసలు తలుపులు నాలుగు.

ఒకటి, స్థానిక సంస్థ సొంత బడ్జెట్. కాలనీ లోపలి రోడ్లకు సరిపోతుంది, కొత్త లింకుకు సాధారణంగా చాలదు. పైగా హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పట్టణ సంస్థలను 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. పాత మున్సిపాలిటీలో మీ ఫైలు ఉండి ఉంటే, అది ఇప్పుడు ఏ సర్కిల్‌లో ఏ బల్ల మీద ఉందో ముందు కనుక్కోండి. విలీనాల్లో మనుషులు బదిలీ అవుతారు, ఫైళ్లు బీరువాల్లో ఉండిపోతాయి.

రెండు, హెచ్‌ఎండీఏ. మాస్టర్ ప్లాన్ రోడ్లకు సహజంగా అడగాల్సింది వీళ్లనే. లేఅవుట్ల నుంచి అభివృద్ధి చార్జీలు వసూలు చేసేది వీళ్లే కాబట్టి అడిగే హక్కు మనకుంది.

మూడు, హైదరాబాద్ రోడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ లేదా ఆ సమయానికి నడుస్తున్న నగర పథకం. ఇందులో చేరాలంటే జాబితాలో పేరుండాలి, జాబితాలో పేరుండాలంటే మొదటి అడుగులో రాసుకున్న వాక్యం ఉండాలి. అప్పు తెచ్చి పనులు చేయడం నగరానికి కొత్త కాదు. 2018, 2019లో జీహెచ్‌ఎంసీ మూడు విడతల్లో 495 కోట్ల బాండ్లు అమ్మింది. కానీ ఆ డబ్బు వెళ్లింది ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల పథకానికి. మనలాంటి మూడొందల మీటర్లకు ఎవరూ బాండ్లు అమ్మరు.

నాలుగోది ఎక్కువమందికి తెలియదు: ఇంపాక్ట్ ఫీజు. ఎత్తైన భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు నగర స్థాయి మౌలిక వసతుల ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తారు. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం ఆ డబ్బును విడిగా ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప వాడకూడని ఖాతా) పెట్టాలి, అందులో సగం అదే ప్రాంతంలో వసతులకు ఖర్చు చేయాలి. మీ పక్కన ఐదారు టవర్లు లేచి ఉంటే, "గత ఐదేళ్లలో ఈ సర్కిల్‌లో ఎంత ఇంపాక్ట్ ఫీజు వసూలైంది, ఎంత ఖర్చయింది, ఏయే పనులకు" అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. రాకపోతే మొదటి అప్పీలు. జవాబులో వచ్చిన అంకెను మీ లేఖ మొదటి పేరాలో పెట్టండి. అడుక్కునేవాళ్లలా కాకుండా బాకీ వసూలుకు వచ్చినవాళ్లలా కనిపిస్తారు.

దారిలో రైల్వే గేటు ఉంటే అది వేరే కథ. ఇరవై నాలుగు గంటల్లో గేటు దాటే రైళ్లను వాహనాల యూనిట్లతో గుణిస్తే లక్ష దాటిన చోట రైల్వే, రాష్ట్రం చెరి సగం భరించి వంతెన కట్టే పద్ధతి ఉంది. మూడో అడుగులో చేసిన లెక్క అక్కడా పనికొస్తుంది.

ఐదో అడుగు: ఎరుపు రంగు మనుషులతో మాట

నోటీసు పోకముందే మీరు వెళ్లండి. మా లింకులో ఎరుపు ముక్క ముఖ్యంగా ఒక పెద్దాయనది. మా అధ్యక్షులు, నేను వెళ్లాం.

"పెద్దయ్యా, రోడ్డుకు పోయే జాగాకు సర్కారు టీడీఆర్ బాండు ఇస్తది. దాన్ని బిల్డర్లు కొనుక్కుంటరు" అని మొదలుపెట్టాం. టీడీఆర్ అంటే వదిలిన నేలకు బదులుగా వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు.

"కాగితం నేనేం జేసుకోను బిడ్డా? పైసలైతే లెక్కవెట్టుకుంట" అన్నాడాయన. కాసేపాగి, "అదిగాదు, నా బోరు సంగతేంది? ఆ నీళ్లమీదనే కదా కూరగాయలు" అన్నాడు.

మేం గజం రేటు మీద బేరం వస్తుందని తయారై వెళ్లాం, ఆయన బాధ బోరు గురించి. బోరు, చెట్లు, గోడలకు విడిగా విలువ కట్టాలని 2013 చట్టంలోనే ఉంది. ఆ మాట ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. తర్వాతి నెలలో ఆయన కొడుకే మా దగ్గరికి వచ్చాడు.

మార్గాలు మూడు. టీడీఆర్ అయితే సర్కారుకు నగదు ఖర్చు లేదు. 2017 డిసెంబరు జీవో ప్రకారం రోడ్డుకు వదిలిన స్థలానికి 400 శాతం హక్కు ఇస్తారు, అమ్ముకోవచ్చు. బిల్డర్‌కు, చదువుకున్న యజమానికి ఇది నచ్చుతుంది. మార్కెట్‌లో ఆ బాండుకు ఎంత వస్తుందో మాత్రం మీరు హామీ ఇవ్వకండి. రెండోది, పరస్పర అంగీకారంతో డబ్బు. తెలంగాణ సవరణ చట్టంలో దీనికి వీలుంది. మూడోది పూర్తి భూసేకరణ. ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి డిక్లరేషన్‌కు 12 నెలలు, అక్కడి నుంచి అవార్డుకు ఇంకో 12 నెలలు గడువు. అంటే ఎవరూ కోర్టుకు పోకపోయినా రెండేళ్లు పట్టొచ్చు. టీడీఆర్‌కు ఒప్పుకున్న ప్రతి ఒక్కరి సంతకం ఉన్న సమ్మతి పత్రం ఫైలుకు జతపడిందంటే ఆ 26 కోట్లు నగదు పద్దులో ఆ మేరకు తగ్గుతాయి.

ఆరో అడుగు: లేఖ, ఫైలు

లేఖ ఒక్క పేజీ. "రోడ్డు వేయండి" అని అడగకండి. "ఈ లింకుకు సర్వే చేసి అంచనా తయారు చేయించండి" అని అడగండి. రోడ్డుకు సరే అనాలంటే పై నుంచి మాట రావాలి, సర్వేకు సరే అనడానికి ఇంజనీరింగ్ విభాగంలో ఉన్నవాళ్లే చాలు. జతలుగా రంగుల నక్షా, ట్రాఫిక్ లెక్క, గిఫ్ట్ డీడ్ నకళ్లు, సమ్మతి పత్రాలు. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి, ఆంధ్రలో అయితే కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక). ఎమ్మెల్యే గారికి ఇచ్చే కాపీ మీద ఆయన సిఫారసు రాయించుకోవడం మానకండి. శాలువా మీ ఇష్టం.

ఆ తర్వాత ఈ-ఆఫీస్ ఫైలు నంబరు సంపాదించండి. నంబరు లేకుండా "మా ఫైలు ఏమైంది సార్" అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అంచనా వేస్తారు, ఆయన పై ఇంజనీర్లు డీఈ, ఈఈ, ఎస్‌ఈ మీదుగా పైకి పోతుంది. అంచనా సైజును బట్టి పరిపాలనా అనుమతి ఎవరివ్వాలో మారుతుంది. పెద్దదైతే ప్రభుత్వ జీవో రావాలి. ఆ తర్వాత సాంకేతిక అనుమతి, ఆపైన టెండరు.

ఇక్కడ అందరూ మోసపోయే చోటు ఒకటుంది. పరిపాలనా అనుమతి జీవో రాగానే మిఠాయిలు పంచుతారు. అనుమతి వేరు, డబ్బు విడుదల వేరు. ఆ ఏడాది బడ్జెట్ పద్దులో మీ పని లేకపోతే జీవో ఫ్రేమ్ కట్టించుకోవడానికి పనికొస్తుంది. రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో సభకు వస్తుంది, శాఖల ప్రతిపాదనలు అంతకు కొన్ని నెలల ముందే కూడతారు. కాబట్టి మీ అంచనా దసరా నాటికి ఇంజనీర్ల బల్ల దాటాలి. సంక్రాంతి తర్వాత ఇచ్చిన ఫైలు చాలాసార్లు మరుసటి ఏడాదికే.

ఇంకోటి, అంచనాలో ఏముందో ఒకసారి అడిగి చదవండి. వరదనీటి కాలువ, డ్రైనేజీ లైను, తాగునీటి పైపు, కరెంటు స్తంభాల తరలింపు అందులో ఉన్నాయా? తారు పోశాక జలమండలి వచ్చి తవ్విన రోడ్లు మన నగరంలో కొత్త కాదు. స్తంభాల తరలింపు డబ్బు విద్యుత్ సంస్థకు ముందే కట్టకపోతే, అరవై అడుగుల రోడ్డు నడుమ స్తంభం నిలబడి ఉంటుంది.

ఏడో అడుగు: టెండరు, పని

పాత బిల్లులు బాకీ ఉన్న శాఖల్లో టెండరు పిలిచినా గుత్తేదార్లు రారు. ఒకసారి ఎవరూ వేయకపోతే కంగారు పడకండి, మళ్లీ పిలిచారా లేదా అని మాత్రం వెంటపడండి.

పని మొదలయ్యాక ప్రతి సాయంత్రం ఒకరు ఫోనుతో ఫోటో తీస్తే చాలు, తేదీ పడేలా. కంకర పొర ఎంత మందం అని అంచనాలో ఉందో, టేపు పెట్టి అంత ఉందో లేదో చూడండి. గొడవ పడకుండా ఏఈ గారికి ఫోటో పంపండి. సమాచార హక్కు చట్టంలో పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. మేం ఒక్కసారే వాడాం. దరఖాస్తు అందిన వారంలోనే రోలర్ మళ్లీ వచ్చింది.

రోడ్డు తెరిచిన రోజు రిబ్బన్ ఎవరు కోసినా ఫర్వాలేదు. మీరు రెండు కాగితాలు తీసుకోండి. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఏ తేదీ వరకు ఉందో ఒకటి. ఆ తేదీకి రెండు నెలల ముందు గుంతల జాబితా ఇస్తే గుత్తేదారు తన ఖర్చుతో పూడ్చాలి, తర్వాత ఇస్తే కొత్త అంచనా, కొత్త ఫైలు. రెండోది, మీ రోడ్డు స్థానిక సంస్థ ఆస్తుల రిజిస్టర్‌లో పేరుతో, పొడవుతో ఎక్కిందన్న నకలు. మా రోడ్డు తెరిచిన ఎనిమిది నెలలకు వీధిదీపాలు అడగడానికి వెళ్తే, "ఆ పేరుతో మా దగ్గర రోడ్డే లేదండీ" అన్నారు కౌంటర్లో. నక్షా మళ్లీ బయటికి తీశాం.